నేలను బట్టి మేత, మేతను బట్టి పాడి
(సభ్య విద్యా పాఠం: ప్రకాశం జిల్లా నేలలు, వాటిలో పండే పశుగ్రాసాలు)

గేదెను కొనేటప్పుడు మన సంఘ సభ్యులు ఎన్నో చూస్తారు. పొదుగు చూస్తారు, చన్నులు చూస్తారు, ఎన్నో ఈతో అడుగుతారు, రెండు పూటలా పాలు పిండించి చూస్తారు. అన్నీ కుదిరిన తరువాతనే అప్పు కాగితాల మీద సంతకం చేస్తారు. ఇంత జాగ్రత్తపడే మనిషి కూడ ఒక్క సంగతి చూడకుండా వదిలేస్తాడు. అది తన సొంత నేల. ఆ గేదె రేపటి నుంచి తినవలసిన మేత ఆ నేలలోనే మొలవాలి కదా!

మేము తనిఖీకి వెళ్ళిన సంఘాలలో ఒక ఫిర్యాదు తరచు వింటూ ఉంటాము. "ఇన్‌స్పెక్టరు గారూ, పక్క ఊరి సంఘంలోనూ ఇవే ముర్రా గేదెలు, ఇదే దాణా. వాళ్ళకు పూటకు నాలుగు లీటర్లు, మాకు రెండు. పైగా ఎస్.ఎన్.ఎఫ్. తక్కువ వేస్తున్నారు. పరీక్ష సరిగా ఉందో లేదో చూడండి." పరీక్షలో లోపముంటే సరిదిద్దవలసిందే, అందులో రెండో మాట లేదు. కాని పరీక్ష సక్రమంగా జరిగే చోట కూడ ఈ తేడా కనిపిస్తుంది. పచ్చిమేత చాలక, శక్తినిచ్చే ఆహారం తక్కువై, పశువు అర్ధాకలితో ఉన్నప్పుడు పాలూ తగ్గుతాయి, ఎస్.ఎన్.ఎఫ్. కూడ తగ్గుతుంది. ఆ మేత ఎందుకు చాలలేదని అడుగుతూ పోతే చివరికి నేల దగ్గర ఆగుతాము.

అందుచేత ఈ పాఠానికి ప్రకాశం జిల్లాను ఉదాహరణగా తీసుకున్నాము. ఒకే జిల్లాలో ఇన్ని రకాల నేలలుండడం వల్ల విషయం తేలికగా బోధపడుతుంది. ఈ జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. ఆ తరువాత ఎల్లలు మారాయి. ఎల్ల మారినంత మాత్రాన నేల మారదు గనుక, ఇక్కడ మేము పాత జిల్లా మొత్తాన్ని లెక్కలోకి తీసుకున్నాము. మిగతా జిల్లాల సభ్యులు కూడ తమ ఊరి నేల ఇందులో దేనిని పోలి ఉన్నదో చూసుకోవచ్చును.

పాలతోపాటు నేల కూడ పోతుంది

లీటరు గేదె పాలలో సుమారు 1.8 గ్రాముల కాల్షియం ఉంటుంది. రోజుకు 6 లీటర్లు ఇచ్చే గేదె ఒక రోజులో దాదాపు 11 గ్రాముల కాల్షియం మన క్యానులో పోస్తుందన్న మాట. 300 రోజుల ఈతలో లెక్కవేస్తే అది 3 కిలోలు దాటుతుంది. భాస్వరం, జింకు మొదలైన ఇతర ఖనిజాలు దీనికి అదనం. ఇవన్నీ గేదె తనలో తయారు చేసుకునేవి కావు. నేలలోనుంచి మొక్కకు, మొక్కనుంచి పశువుకు, పశువునుంచి పాలకు వస్తాయి. నేలలో లేనిది గడ్డికి రాదు. గడ్డిలో లేనిదాన్ని పశువు కొంతకాలం తన ఎముకలనుంచి తీసి ఇస్తుంది. ఆ తరువాత పాలు తగ్గుతాయి. ఎదకు రాకపోవడం, వచ్చినా చూడి నిలవక తిరగపొర్లడం మొదలవుతాయి.

నల్లరేగడి నేలలు

ఒంగోలు, సంతనూతలపాడు, పర్చూరు, అద్దంకి ప్రాంతాలలో నల్లరేగడి ఎక్కువ. ఈ నేలలో బంకమన్ను పాలు హెచ్చు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. నీటిని చాలాకాలం పట్టి ఉంచుతుంది. అందుకే వర్షాలు వెనుకబడ్డాక శీతకాలపు మంచుతో, నేలలోని తేమతో పంట పండుతుంది. జొన్న, శనగ, మినుము, పత్తి, పొగాకు ఇక్కడి పంటలు. 1990ల నుంచి శనగ బాగా వ్యాపించింది.

పాడి దృష్టితో చూసినప్పుడు ఈ పంటలన్నీ ఒకటి కావు. జొన్న వేసిన రైతుకు గింజతోపాటు చొప్ప వస్తుంది. శనగ వేసిన రైతుకు పొట్టు వస్తుంది. పొగాకు వేసిన రైతుకు డబ్బు రావచ్చును గాని పశువుకు గుప్పెడు మేత రాదు. ఈ జిల్లాలో పొగాకు ఎంత ముఖ్యమైన పంటో మాకు తెలుసు. నల్ల నేలల పొగాకు, తేలిక నేలల పొగాకు అని బోర్డు వారు వేరు చేసి లెక్కిస్తారంటే నేలకున్న విలువ తెలుస్తుంది. పొగాకు వేయవద్దని మేము చెప్పడం లేదు. నాలుగెకరాలలో పొగాకు వేసి, ఇంట్లో మూడు గేదెలు కట్టుకున్న సభ్యుడు మాత్రం మేతకు వేరే దారి చూపుకోవాలి. లేకపోతే పాల డబ్బు గడ్డి మోపులు కొనడానికే సరిపోతుంది.

రేగడి నేలల్లో సున్నం పాలు ఎక్కువ. దున్నేటప్పుడు తెల్లటి సుద్ద గులకలు కనిపించడం అందరూ చూసేదే. ఒంగోలు గిత్తకు అంత ఎముక పుష్టి ఈ నేలవల్లనే వచ్చిందని పెద్దలు చెబుతూ ఉంటారు. అయితే ఆ సున్నమే మనం వేసిన భాస్వరాన్ని పట్టి ఉంచి మొక్కకు సరిగా అందనివ్వదు. జింకు కూడ తక్కువగా అందుతుంది. పశువు గోడలు నాకుతున్నా, గుడ్డలు, ఎముకలు నములుతున్నా దాన్ని చెడ్డ అలవాటు అనుకోకూడదు. భాస్వరం, ఉప్పు తక్కువైనపుడు అలా చేస్తుంది. ఇక్కడి సభ్యులు చొప్పతోపాటు కొంత తవుడు పెట్టాలి. తవుడులో భాస్వరం పుష్కలంగా ఉంటుంది. ఖనిజ లవణ మిశ్రమం మానకూడదు.

ఒంగోలు జాతి సముద్రం దాటి బ్రెజిలు వెళ్ళి అక్కడ నెలోర్ అనే పేరుతో కోట్లాదిగా పెరిగింది. ఆ దేశంలో చాలా భాగం నేలలు పులుపువి, భాస్వరం చాల తక్కువ. అక్కడి రైతులు పశువుకు భాస్వరం కలిపిన లవణం తొట్లలో పెట్టి మేపుకుంటారు. జాతి మనదే అయినా, నేల మారినపుడు లోటు పూరించక తప్పలేదు.

రేగడిలో వేయదగిన పశుగ్రాసాలు: పశుగ్రాసపు జొన్న, మొక్కజొన్న, అలసంద. నీరు నిలవని చోట లూసర్న్ బాగా వస్తుంది. దానికి సున్నం గల నేల ఇష్టం, నీటి నిల్వ మాత్రం పనికిరాదు. గట్ల మీద సుబాబుల్ పెంచుకోవచ్చును. కాగితపు మిల్లులకు అమ్మే కలపగానే చాలామంది దీన్ని చూస్తున్నారు గాని దాని ఆకు మాంసకృత్తులు ఎక్కువగా గల మంచి మేత. దానిలో మైమోసిన్ అనే విష పదార్థం కూడ ఉంటుంది గనుక మొత్తం మేతలో మూడో వంతు మించకుండా, ఇతర గడ్డితో కలిపి పెట్టాలి.

ఎర్ర నేలలు

జిల్లాలో సగం మేరకు ఎర్ర నేలలే. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలలో ఇవి పరచుకొని ఉన్నాయి. మార్కాపురం వైపు పలకరాయి పొరల మీద ఏర్పడిన నేల పలుచన, గరుకు. కనిగిరి వైపు నల్లరాయి చివికి ఏర్పడినది. రెండింటికీ గల సామాన్య గుణం ఏమిటంటే, వాన నీరు ఎంత త్వరగా ఇంకుతుందో అంత త్వరగా ఆరిపోతుంది. పది రోజులు వాన ఎడమైతే పైరు వాడుతుంది. సేంద్రియ పదార్థం, నత్రజని, భాస్వరం తక్కువ.

కంది, సజ్జ, కొర్ర, ఆముదం, ఉలవ ఇక్కడి పంటలు. కంది పొట్టును తీసిపారవేయరాదు. మాంసకృత్తుల విషయంలో వరిగడ్డి కన్న అది ఎంతో మేలు. ఆఖరి వానకు చల్లిన ఉలవ గింజకు రాకపోయినా మేతకు వస్తుంది. బీడు భూములలో తొలకరికి అంజన్ గడ్డి, స్టైలో విత్తనం చల్లి, మొదటి ఏడాది పశువులను తోలకుండా కాపాడుకుంటే తరువాతి సంవత్సరాలలో అవే మొలుస్తాయి.

ఈ ప్రాంతపు సభ్యులకు ముఖ్యమైన హెచ్చరిక ఒకటున్నది. వానలేక గిడసబారిన లేత జొన్నను, కోసిన తరువాత వచ్చిన జొన్న పిలకలను పశువు మేస్తే నాము తగులుతుంది. ఆ లేత పైరులో ఏర్పడే విషం నిమిషాలలో ప్రాణం తీయగలదు. తేలిక నేలలు త్వరగా ఆరిపోతాయి గనుక ఈ ప్రమాదం ఇక్కడ ఎక్కువ. జొన్న పూత దశకు వచ్చేవరకు కోయవద్దు, మేపవద్దు. పశువు ఆయాసపడుతూ, తూలి పడిపోతే క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని పిలిపించాలి.

కాలువ క్రింది మాగాణి

నాగార్జునసాగర్ కుడికాలువ క్రింద దర్శి, అద్దంకి, ఒంగోలు ప్రాంతాలలోను, గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువు క్రిందను వరి పండుతుంది. ఇక్కడ సభ్యునికి వాము నిండా గడ్డి ఉంటుంది. వాము నిండుగా ఉన్నందువల్ల పశువు పోషణ కూడ నిండుగా ఉన్నదనుకోవడం పొరపాటు. వరిగడ్డిలో మాంసకృత్తులు, భాస్వరం చాల తక్కువ. అందులోని ఆగ్జలేటు ఉన్న కాస్త కాల్షియాన్ని కూడ పశువుకు అందనివ్వదు. కడుపు నిండుతుంది, పొదుగు నిండదు.

దీనికి మందు మన పెద్దలకు తెలిసినదే. వరి కోతకు ముందు తేమ ఉండగానే పిల్లిపెసర గాని జనుము గాని చల్లేవారు. కోత తరువాత ఆ తేమతోనే పచ్చిమేత వచ్చేది, నేలకు నత్రజని మిగిలేది. ఈ అలవాటు తిరిగి రావాలి. జనుమును కాయ పట్టక ముందే, పూతలో కోయాలి.

వరి మడిలో జింకు లోపం ఉన్నట్లు పరీక్షలో తేలితే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దుక్కిలో వేయాలి. భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదు. మూడు రోజుల ఎడం ఇవ్వాలి. ఇది వరి కోసమే అనుకోవద్దు. ఆ గడ్డి తినే గేదెకు కూడ జింకు అవసరమే.

సముద్రతీరపు ఇసుక, చవుడు నేలలు

చీరాల, వేటపాలెం, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు ఇసుక నేలలు. జీడిమామిడి, సరుగుడు, కొబ్బరి, వేరుశనగ ఇక్కడ పండుతాయి. వేరుశనగ కట్టె శ్రేష్ఠమైన మేత. బూజు పట్టకుండా బాగా ఆరబెట్టి దాచుకోవాలి. తోటల నీడలో గిన్నె గడ్డి వస్తుంది. ఇసుకలో వేసిన ఎరువు నీటితో దిగిపోతుంది గనుక యూరియాను ఒకేసారి పోయక, ప్రతి కోతకు కొద్దికొద్దిగా వేయాలి. దొరువు నీటితో తడుపుకునేవారు దొరువును అవసరానికి మించి లోతు చేస్తే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది. అప్పుడు గడ్డీ చెడుతుంది, పశువు త్రాగే నీరూ చెడుతుంది.

చవుడు నేలలు రెండు విధాలు. పైన తెల్లగా ఉప్పు పేరుకునేది పాలచౌడు. దీన్ని మంచి నీరు పెట్టి, మురుగు కాలువ ద్వారా ఉప్పును కడిగి బాగుచేయాలి. నల్లగా జిడ్డుగా ఉండి నీరు ఇంకనిది కారుచౌడు. దీనికి పరీక్ష చేయించి చెప్పిన మోతాదులో జిప్సం వేయాలి. రెంటికీ ఒకే మందు వేస్తే డబ్బు దండగ. నేల బాగుపడేలోగా నీరు నిలిచే చోట పారాగడ్డి వేసుకోవచ్చును. అది కొంత ఉప్పును, నీటి నిల్వను ఓర్చుకుంటుంది.

రాతి నుంచి నీటికి, నీటి నుంచి ఎముకకు

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల ఎర్ర నేలల అడుగున ఉన్న రాతిలో ఫ్లోరిన్ గల ఖనిజాలున్నాయి. ఆ రాతి నడుమ ఎక్కువకాలం నిలిచిన బోరు నీటిలోకి ఫ్లోరైడు దిగుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించిన తొలి వైద్య నివేదిక 1937లో నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. అప్పటికి ఈ మూడు ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనివే. వైద్యుల కంటె ముందు రైతులే తమ ఎడ్లు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం గుర్తించారని చెబుతారు. మనుషులలో వ్యాధి బయటపడింది ఆ తరువాతనే. అంటే ఈ నేల సంగతి ముందుగా చెప్పినది పశువు.

పశువుకు పళ్ళు గోధుమరంగు తిరిగి అరిగిపోవడం, కుంటడం, చిక్కిపోవడం దీని లక్షణాలు. ఫ్లోరైడు పాలలోకి చాల కొద్దిగానే దిగుతుంది. కాబట్టి పాలను చూసి పసిగట్టలేము, పశువు పళ్ళు, నడక చూడాలి. ఈ ప్రాంతాల సంఘాలు చేయవలసినవి:

1. పశువులు త్రాగే బోరు నీటిని పరీక్ష చేయించాలి. మనుషుల తాగునీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని నిబంధన. ఇంట్లో వాళ్ళు ఆ నీరు మానివేసి, గేదెకు మాత్రం అదే పోస్తున్న ఇళ్ళు ఉన్నాయి.
2. దూడలకు, పళ్ళు మారే వయసు పెయ్యలకు చెరువు నీరు, వాన నీరు పట్టాలి. పెరిగే ఎముకకే హాని ఎక్కువ.
3. కాల్షియం గల పప్పుజాతి మేత, నాణ్యమైన ఖనిజ మిశ్రమం ఇవ్వాలి. చౌకగా వచ్చిందని రాక్ ఫాస్ఫేటు పొడిని మేతలో కలపరాదు. అందులోనే ఫ్లోరిన్ ఉంటుంది.

అప్పు తీసుకొనే ముందు వేయవలసిన లెక్క

పాలిచ్చే గేదెకు రోజుకు 25 కిలోల పచ్చిమేత చొప్పున ఏడాదికి సుమారు 9 టన్నులు కావాలి. నీటి వసతిగల సారవంతమైన నేలలో హైబ్రిడ్ నేపియర్ ఎకరాకు ఏడాదికి 80 నుంచి 100 టన్నులు ఇస్తుంది. అంటే ఒక గేదెకు 10 సెంట్లు చాలు. రెండడుగుల ఎడంగా నాటితే ఎకరానికి సుమారు 11 వేల కణుపు ముక్కలు, 10 సెంట్లకు 1,100 ముక్కలు పడతాయి. నీరులేని ఎర్ర నేలలో ఒక కోత పశుగ్రాసపు జొన్న వేస్తే ఎకరాకు 10, 12 టన్నులు రావచ్చును. అదీ వాన అనుకూలిస్తే! అంటే అదే గేదెకు ఒక చోట 10 సెంట్లు, ఇంకొక చోట దాదాపు ఎకరం. పైగా ఆ ఎకరం మేత ఒక్కసారే చేతికి వస్తుంది. పాతర వేయడమో, ఎండబెట్టి దాచడమో చేస్తేనే ఏడాది పొడుగునా ఆదుకుంటుంది.

మూడు గేదెలకు అప్పు మంజూరయిందని మూడూ కొనవలసిన పని లేదు. నేల ఒక గేదెను పోషించగలిగితే ఒకదానితోనే మొదలుపెట్టండి. మేత చాలక ఏడాది లోపల సగం ధరకు గేదెను అమ్ముకొని, గేదె లేకుండా మిగిలిన వాయిదాలు కట్టుకునే సభ్యులను చూస్తున్నాము. గేదె వెళ్ళిపోయినా అప్పు వెళ్ళదు.

మట్టి నమూనా తీయడం

గట్ల దగ్గర, చెట్ల క్రింద, పెంటపోగు ఉన్నచోట తీయరాదు. పొలంలో 8 లేక 10 చోట్ల పైచెత్త తీసి, 6 అంగుళాల లోతున 'వి' ఆకారపు గుంట త్రవ్వి, ప్రక్కనుంచి ఒక పలుచని పొర చెక్కాలి. అంతా గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలో మిగిలేవరకు చేయాలి. నీడలో ఆరబెట్టి, పేరు, సర్వే నెంబరు, వేయబోయే పంట వ్రాసి పంపాలి. వేయబోయే పంట గడి దగ్గర గడ్డి మడి సంగతి కూడ తప్పక వ్రాయండి.

2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డులలో 12 అంశాలుంటాయి. ఉదజని సూచిక 6.5 నుంచి 7.5 ఉంటే తటస్థమైన నేల. సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తగ్గితే నేల బలహీనమని అర్థం. జింకు, రాగి లోపమని ఉంటే ఆ కార్డును పశువైద్యునికి కూడ చూపండి. ఏ ఖనిజ మిశ్రమం ఎంత మోతాదులో ఇవ్వాలో ఆయన చెబుతారు.

తీసుకున్నది తిరిగి ఇవ్వాలి

గేదె రోజుకు 15 కిలోల పేడ వేసినా ఏడాదికి 5 టన్నులు దాటుతుంది. ఇందులో ఎక్కువ భాగం పొగాకు చేనికో మిరప చేనికో పోతుంది, కొంత పిడకలై పొయ్యిలోకి పోతుంది. గడ్డి మడి వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు. ఏడాదికి ఏడెనిమిది కోతలు ఇచ్చే మడికి ఒక తట్ట ఎరువు కూడ పడకపోతే మూడో ఏట గడ్డి సన్నబడక ఏమవుతుంది? పేడను గుంటలో వేసి, పైన నీడ కల్పించి, మాగిన తరువాత ముందుగా గడ్డి మడికి వేయండి. గోబర్ గ్యాసు ఉన్నవారికి మంటా దక్కుతుంది, ఎరువూ దక్కుతుంది.

చివరగా సంఘం చేయగలిగిన పని ఒకటి. ఎర్ర నేలల ఊళ్ళలో కంది పొట్టు కళ్ళాల్లో మిగిలిపోతుంది. మాగాణి ఊళ్ళలో వరిగడ్డి మిగులుతుంది. రేగడి ఊళ్ళలో శనగ పొట్టు ఉంటుంది. ఏ ఒక్క నేలా పశువుకు కావలసినవన్నీ ఇవ్వలేదు. మూడు సంఘాలు మాట్లాడుకొని కోతల కాలంలో వీటిని మార్చుకుంటే మూడు ఊళ్ళ పశువులకూ మేలు. ఒంటరిగా ఒక సభ్యుడు లారీ గడ్డి తెప్పించుకోలేడు, సంఘం తెప్పించగలదు. సహకారం పాలు పోయడంతో ఆగిపోకూడదు.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో ఎన్ని రకాల నేలలున్నాయి? ప్రతి రకంలో ఇప్పుడు పశువుకు పనికివచ్చే పంట ఏది?
2. మన సభ్యులలో గడ్డి మడి ఉన్నవారెందరు? లేనివారు మేతకు నెలకు ఎంత ఖర్చు పెడుతున్నారు?
3. పశువులు త్రాగే నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించాము?
4. తిరగపొర్లే పశువులు ఏ నేలల సభ్యుల ఇళ్ళలో ఎక్కువగా ఉన్నాయి?
5. ఈ ఏడాది పశువుల అప్పుకు సంఘం సిఫారసు చేసే ముందు దరఖాస్తుదారు మేత లెక్కను అడుగుదామా?

చర్చ సారాంశాన్ని మినిట్సు పుస్తకంలో వ్రాయించి, మట్టి నమూనాలు ఇచ్చిన సభ్యుల జాబితాను తరువాతి తనిఖీకి సిద్ధంగా ఉంచవలెనని కార్యదర్శులను కోరుతున్నాము.